గీజర్ న్యూట్రల్‌తో తిప్పబోయారు: నల్లగొండలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, ఇద్దరు కరెంటాయనలు

మార్కులు ముందే చెప్పేస్తా. ఫ్యానుకు అయిదుకు మూడున్నర. దాన్ని సరిగా బిగించిన పిల్లవాడికి నాలుగున్నర. అతని కంటే ముందు వచ్చిపోయిన మనిషికి మార్కులు వేయను, ఎవరో కూడా రాయను.

నేను ఆర్టీసీ డిపోలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. "మీకే వచ్చు గదా, మీరే బిగించుకోవచ్చు గదా" అని మా వాడకట్టులో చాలామంది అన్నారు. బస్సులో ఉండేది 24 వోల్టుల డీసీ, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితే వచ్చేది. అక్కడ లైటుకు ఒక్క వైరు లాగితే చాలు. రెండో కొసను ఛాసిస్‌కు బిగిస్తాం, బండి బాడీయే తిరుగు దారి. ఇంట్లో 230 వోల్టుల ఏసీ. ఏ లైను ఫేజుతో కరెంటు వెళ్లిందో ఆ లైను న్యూట్రల్ మీదనే తిరిగి రావాలి. ఎక్కడ దొరికితే అక్కడ కలిపేస్తానంటే కుదరదు. ఇంటి కరెంటు పని తెలిసినవాడే చేయాలని నేను మొదటినుంచీ అనే మాట, అందుకే డబ్బులిచ్చి పిలిపించాను.

మా ఇల్లు రామగిరి వైపు, 1990లలో కట్టింది. బాత్‌రూం రెండు గదుల మధ్య ఇరుక్కుని ఉంటుంది. వెంటిలేటర్ ఉంది గానీ అది తెరుచుకునేది మా గోడకు, పక్కింటి గోడకు మధ్యనున్న సందులోకి. గాలి ఆడదు. చలికాలం వేడినీళ్లు పోసుకుంటే సీలింగు మీద నీటిబొట్లు నిలుస్తాయి. ఆ చెమ్మకు లప్పం పొరలు పొరలుగా లేచిపోయింది, మూలల్లో నల్లటి బూజు. రంగు వేయించినా మళ్లీ అదే కథ. నల్లగొండ ఎండల్లో ఫ్యానెందుకు, తలుపు తీసిపెడితే గంటలో ఆరిపోతుందని పక్కింటాయన వాదన. మే నెలలో అది నిజమే. ముసురు పట్టినప్పుడు, డిసెంబర్ పొద్దున్నే, ఆ మాట పనికిరాదు. ఇంకో సంగతి, టైల్స్ మీద బోరునీళ్లకు కట్టే తెల్లటి పొర ఉంటుందే, దానికి ఈ ఫ్యాను మందు కాదు. అది పోతుందని ఆశపడి కొనకండి.

ఫ్యాను విషయం. ఆరు అంగుళాలది తీసుకున్నాను, ప్లాస్టిక్ బాడీ, 30 వాట్లు. షాపులో ఎనిమిది అంగుళాలది అంటగట్టబోయారు. డబ్బా మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందో రాసి ఉంటుంది, చూడాల్సింది అదే. మా బాత్‌రూం అయిదడుగులకు ఏడడుగులు, ఎత్తు తొమ్మిది. అంటే 315 ఘనపుటడుగులు, సుమారు 9 ఘనపు మీటర్లు. నేను కొన్నదాని మీద 250 అని ఉంది. లెక్క ప్రకారం గంటకు ఇరవై ఏడెనిమిది సార్లు గదిలో గాలి మొత్తం మారాలి. జాలీ, షట్టరు అడ్డం వచ్చి అందులో సగమే లాగిందనుకున్నా, బాత్‌రూంకు గంటకు పదిసార్లు మారితే ధారాళం. ఎనిమిది అంగుళాలది దండగ, పైగా చప్పుడెక్కువ.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. ఫ్యాను బయటికి గాలి తోయాలంటే లోపలికి గాలి రావడానికి సందు ఉండాలి. మా తలుపు పీవీసీది, కింద అరంగుళం ఖాళీ ఉంది కాబట్టి సరిపోయింది. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించుకున్న ఇళ్లలో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి కదలదు, ఫ్యాను మంచిది కాదని తిట్టుకుంటారు. తలుపు కింద ఊదుబత్తి వెలిగించి పెట్టండి. పొగ లోపలికి వంగి పరుగెత్తితే పని జరుగుతున్నట్టు.

ఇక ఫ్యానులో నచ్చనివి. వెనక నుంచి వచ్చే వైరు జానెడు కూడా లేదు, ఎక్కడ బిగించినా అతుకు వేయకుండా కుదరదు. ఇచ్చిన స్క్రూలు మెత్తటివి, రెండోసారి తిప్పితే తల అరిగిపోయింది. వెనక షట్టరు రెక్కలు గాలి వీచినప్పుడు టపటపలాడతాయి. బిగించిన పిల్లవాడు రెక్కల అంచుకు సన్నటి ఫోం అంటించాక తగ్గింది. ఆ ఫోం ముక్క కంపెనీవాళ్లే పెడితే వాళ్ల సొమ్మేం పోయేది? ఈ మూడింటికీ కలిపి ఒకటిన్నర మార్కు కోశాను. లాగుడు మాత్రం బాగుంది, స్నానం చేసిన తర్వాత కాసేపు వదిలేస్తే అద్దం మీద మసక పోతోంది.

అసలు కథ వైరింగు దగ్గరుంది.

ఫ్యాను కొన్నచోట చెప్పి పంపిన మనిషి వచ్చాడు. బాత్‌రూం బయట తలుపు పక్కన స్విచ్‌బోర్డు. అందులో బాత్‌రూం లైటు స్విచ్చి, వరండా లైటు స్విచ్చి, ఒక ఖాళీ గడి. ఖాళీ గడిలో కొత్త స్విచ్చి పెట్టి, పక్క స్విచ్చి నుంచి ఫేజు లూపు చేశాడు. అక్కడిదాకా బాగుంది. న్యూట్రల్ కావాలి కదా, ఆ బోర్డులో న్యూట్రల్ లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే, న్యూట్రల్ నేరుగా పైన లైటు పాయింటుకు వెళ్లిపోతుంది, స్విచ్చి దగ్గరికి ఫేజు ఒక్కటే దిగుతుంది. ఆ మనిషి వెతకలేదు. దగ్గరలో గీజర్ ప్లగ్గు పెట్టె కనిపించింది, దానిలో నల్ల వైరు కనిపించింది, కలిపేశాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరగకముందే హాల్లో టక్కుమని ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే లైను తెంపేసే స్విచ్చి, పడిపోయింది.

మళ్లీ ఎత్తాడు, మళ్లీ పడింది. "ఫ్యాన్‌ల లీకేజ్ ఉన్నది సార్, మార్చుకోండి" అన్నాడు. ఫ్యానును షాపుకు తీసుకెళ్తే అక్కడ చక్కగా తిరిగింది. ఆ సంగతి చెబితే మాట మార్చాడు. "ఈ ఆర్‌సీసీబీ మరీ సెన్సిటివ్ సార్. డైరెక్ట్ చేసేద్దాం, ప్రాబ్లం ఉండదు." గీజర్ లైనుకు రక్షణగా మా అబ్బాయి పట్టుబట్టి పెట్టించిన పరికరాన్ని, ఒక ఫ్యాను కోసం తీసేద్దామంటున్నాడు. ఆ మాటతోనే పంపించేశాను. వచ్చినందుకు అయిదు వందలు తీసుకునే వెళ్లాడు.

రెండో మనిషి ప్రకాశం బజారులో వైర్లు కొనే చోట దొరికాడు. పాతికేళ్లు ఉంటాయేమో. రావడం ఆలస్యంగా వచ్చాడు, పది గంటలకని చెప్పి మధ్యాహ్నం భోజనాల వేళకు. అరమార్కు కోత అక్కడే పడింది. కానీ వచ్చాక చేసిన మొదటి పని చూసి నేను కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను.

ఫ్యానును వెంటిలేటర్ దగ్గరికి తీసుకెళ్లనే లేదు. దాని రెండు వైర్లకు ఒక ప్లగ్గు బిగించి, గీజర్ సాకెట్లోనే పెట్టి స్విచ్చి వేశాడు. ఫ్యాను నేలమీద గిరగిరా తిరుగుతోంది, ఆర్‌సీసీబీ పడలేదు.

"చూసిన్రా సార్? లీకేజ్ ఉంటే ఇక్కడ పడాలె. ఫ్యాన్‌కేం కాలె. న్యూట్రల్ ఎక్కడికెల్లి తీసిన్రో చూద్దాం."

ఒక్క నిమిషంలో తేలిపోయింది.

ఆర్‌సీసీబీ చేసే పని మా డిపో భాషలో చెబుతా. అది లెక్క పక్కాగా చూసే కండక్టరు. ఫేజు గుమ్మంలో ఎంతమంది ఎక్కారో, న్యూట్రల్ గుమ్మంలో అంతమందీ దిగాలి. తేడా వస్తే బండి ఆపేస్తుంది. ఇళ్లలో పెట్టేవాటికి ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లు. 30 వాట్ల ఫ్యానుకు 230 వోల్టుల దగ్గర ఎంత లేదన్నా 130 మిల్లీ ఆంపియర్లు కావాలి. మొదటి మనిషి చేసిన కనెక్షన్‌లో ఆ కరెంటు లైట్ల లైను ఫేజు నుంచి వెళ్లి, గీజర్ లైను న్యూట్రల్ మీద తిరిగి వస్తోంది. ఆర్‌సీసీబీ గీజర్ లైనుకే ఉంది, లైట్లకు లేదు. దాని కళ్లకు ఎక్కినవాళ్లు ఎవరూ లేరు, దిగుతున్నది మాత్రం 130. పడక ఏం చేస్తుంది?

నాకు ఒళ్లు జలదరించింది దీనికి కాదు, ఆ పిల్లవాడు తర్వాత చెప్పినదానికి. ఆర్‌సీసీబీ పడినప్పుడు ఫేజూ న్యూట్రల్ రెండూ తెగుతాయి. గీజర్ లైను చచ్చిపోయిందని మనం అనుకుంటాం. కానీ ఫ్యాను స్విచ్చి ఆన్‌లోనే ఉంటే, లైట్ల ఫేజు ఫ్యాను చుట్టల గుండా దిగి గీజర్ నల్ల వైరులో నిలబడుతుంది. ఎవరో గీజర్ కాయిలు మార్చడానికి వచ్చి, గీజర్ ఆర్‌సీసీబీ దించాం కదా అని ధీమాగా నల్ల వైరు పట్టుకుంటే ఏమవుతుంది? ఆ మొదటి మనిషి మాట విని డైరెక్ట్ చేసి ఉంటే ఫ్యాను హాయిగా తిరిగేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు, ఆ వైరు అలాగే కాచుకుని ఉండేది. ఆర్‌సీసీబీ మీద వేసిన నింద పూర్తిగా అబద్ధం. ఇంట్లో ఆరోజు సరిగా పనిచేసింది అదొక్కటే.

మీ ఇంట్లో కూడా కొత్త పాయింటు వేసిన తర్వాతే ఆర్‌సీసీబీ పడటం మొదలైతే, పరికరాన్ని తిట్టే ముందు ఆ పాయింటు న్యూట్రల్ ఏ లైనుదో అడగండి.

తర్వాత వైరింగు ఎలా చేద్దామని నన్ను అడిగాడు. అడగడమే నాకు నచ్చింది, చాలామంది అడగరు. సులువైన దారి బాత్‌రూం లైటు పాయింటు దగ్గరే కలిపేయడం. అక్కడ లైటు స్విచ్చి నుంచి వచ్చే ఫేజూ ఉంది, న్యూట్రలూ ఉంది. లైటు వేస్తే ఫ్యాను వస్తుంది, ఆర్పితే ఆగుతుంది. కొత్త స్విచ్చి అక్కర్లేదు. కానీ ఆవిరి పోవాల్సింది మనం బయటికి వచ్చాక. లైటు ఆర్పగానే ఫ్యాను ఆగితే ఇక ఎందుకు? ఆగకూడదంటే లైటు వెలుగుతూ ఉండాలి. పైగా నా వయసువాళ్లం రాత్రి రెండుసార్లు లేస్తాం. లేచినప్పుడల్లా ఫ్యాను గుయ్యిమంటే మా ఇంటామె ఊరుకోదు.

టైమరు ఉన్న ఫ్యాన్లూ ఉంటాయి. లైటు ఆర్పాక కూడా కొన్ని నిమిషాలు తిరిగి తనంతట తానే ఆగేవి. వాటికి మూడు వైర్లు వెళ్లాలి: స్విచ్చితో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉండే ఫేజు ఒకటి, లైటు స్విచ్చి నుంచి వచ్చే ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. రెండో ఫేజు పోగానే లోపలి టైమరు లెక్క మొదలుపెడుతుంది, మొదటి ఫేజు మీద ఫ్యాను తిరుగుతుంది. బాగుంటుంది, కానీ నేను కొన్న ఫ్యానులో అది లేదు. ఉన్నది తెప్పించుకోవాలంటే ధర ఇంకా పైన. మాకు వేరే స్విచ్చి చాలనుకున్నాం.

కాబట్టి ఖాళీ గడిలో పెట్టిన స్విచ్చి అలాగే ఉంచి, దాని నుంచి ఫేజు వైరు ఒకటి పాత పైపులోనే లైటు పాయింటు దాకా లాగాడు. న్యూట్రల్ లైటు పాయింటులో ఉన్నదే తీసుకున్నాడు, ఒకే లైనుది. అక్కడి నుంచి వెంటిలేటర్ దాకా చిన్న పీవీసీ పట్టీలో వైర్లు. గోడ కొట్టలేదు. వైరు ఒకటిన్నర ఎంఎం రాగిది, ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. మొదటి మనిషి రెంటికీ ఎర్ర వైరే వాడాడు, అది విప్పి పారేశాడు.

ఎర్తు గురించి చిన్న చర్చ జరిగింది. ఫ్యాను ప్లాస్టిక్‌ది, దాని మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంది. అంటే డబుల్ ఇన్సులేషన్, ఎర్తు అక్కర్లేదు.

"మరి ఆకుపచ్చ వైరెందుకు లాగుతున్నవ్ బిడ్డా?" అన్నాను.

"రేపు ఇది పాడైతే మీరు మెటల్‌ది తెస్తరు సార్. అప్పుడు మల్ల నన్నే తిడతరు."

వైరు కొసను పెట్టెలో కనెక్టరుకు బిగించి వదిలాడు. ముందుచూపంటే ఇది.

లైట్ల లైను మీద ఫ్యాను భారం పడదా అని మా ఇంటామె అడిగింది. పాత పద్ధతిలో లైట్ల సర్క్యూట్ ఒక్కదానికి పది పాయింట్లు లేదా 800 వాట్లు అని లెక్క. మాది ఆరు ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే తనే పడిపోయే స్విచ్చి), లెక్కకు 1,380 వాట్ల దాకా తట్టుకుంటుంది. ఒకప్పుడు గదికో 40 వాట్ల ట్యూబ్‌లైటు, దాని చోకు తినేది వేరే. ఇప్పుడన్నీ తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు. 30 వాట్లు చేరితే ఆ లైనుకు తెలియను కూడా తెలియదు. గీజర్ సంగతి వేరు, రెండు వేల వాట్లు, దాదాపు తొమ్మిది ఆంపియర్లు. దానికి వేరే లైను ఉండాల్సిందే, దాన్ని దేనితోనూ కలపకూడదు.

జాగ్రత్తలో మార్కులు పూర్తిగా ఇచ్చాను. ఎంసీబీ దించాక టెస్టర్‌ను ముందు కరెంటున్న వేరే ప్లగ్గులో పెట్టి వెలుగుతోందా లేదా చూసుకుని, తర్వాత పనిచేసే వైరు మీద పెట్టాడు. టెస్టరే పాడైతే చచ్చిన వైరుకూ బతికిన వైరుకూ తేడా తెలియదు కదా. ఎంసీబీ దగ్గర మా మనవణ్ణి కాపలా కూర్చోబెట్టాడు, ఎవరూ ఎత్తకుండా. వాడు సెలవుల్లో వచ్చాడు, ఆ ఉద్యోగం చాలా సీరియస్‌గా చేశాడు. చివరికి స్విచ్చి ఆర్పి ఫ్యాను దగ్గర టెస్టర్ పెట్టి చూశాడు, స్విచ్చి తెంపుతున్నది ఫేజునేనా న్యూట్రల్‌నా అని. న్యూట్రల్ తెంపితే ఫ్యాను ఆగుతుంది గానీ లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది, తుడవడానికి చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది.

ఫ్యాను ఎక్కడ పెట్టాలన్నది మాకు సమస్య కాలేదు. వెంటిలేటర్ ఏడున్నర అడుగుల ఎత్తులో, షవరుకు దూరంగా ఉంది. బాత్‌రూముల్లో కరెంటు వస్తువులకు తడి హద్దులు గీసే అంతర్జాతీయ లెక్కలో నేల నుంచి రెండుంపావు మీటర్ల ఎత్తు ఒక గీత, మాది దానికి కాస్త పైన. అంతకన్నా కిందో, షవరు పక్కనో పెట్టేవాళ్లు డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉన్నది, అంటే నీళ్లు ఏ వైపు నుంచి చిమ్మినా తట్టుకునేది, చూసి కొనండి. స్విచ్చి మాత్రం ఎప్పుడూ తలుపు బయటే.

వెంటిలేటర్ గాజు పలకలు పైవి తీసేసి, ఆ ఖాళీలో అల్యూమినియం షీటు పెట్టి గుండ్రంగా కోసి ఫ్యాను కూర్చోబెట్టాడు. బయటివైపు జాలీ కొట్టాడు. ఇది తప్పనిసరి, మా సందులో పావురాలు ఎక్కువ. బొక్క కనిపిస్తే పుల్లలు తెచ్చి పెడతాయి.

డబ్బుల విషయానికొస్తే, కూలి పదకొండు వందలు తీసుకున్నాడు, సామాను వేరే. ఫ్యాను ధరకు దగ్గరదగ్గరగా కూలి పడిందని మా ఇంటామె గొణిగింది. పాత మనిషి చేసింది విప్పడం, న్యూట్రల్ వెతకడం, షీటు కోయడం అన్నీ కలిపి నాకు ఎక్కువనిపించలేదు. పని జరిగినంతసేపూ చెవిలో ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు, అదొక్కటే చిరాకు. నిచ్చెన మీద ఉన్నప్పుడు మాట్లాడొద్దని చెబితే నవ్వి, అరగంట మానేశాడు.

ఆయన్ని పిలవాలనుకునేవాళ్లు పొద్దున్నే ప్రకాశం బజారు వైర్ల షాపుల దగ్గర అడగాలి. మధ్యాహ్నం తర్వాత ఊళ్లలో బోరు మోటార్ల పనికి పోతాడట, ఫోను ఎత్తడు. అల్యూమినియం షీటుకూ గోడకూ మధ్య వేలెడు సందు మిగిలింది. అది తన పని కాదు, వైట్ సిమెంటుతో మేస్త్రీ పూడ్చాలన్నాడు. మేస్త్రీ ఇంకా రాలేదు, అందాకా అక్కడ గోనెసంచి ముక్క కుక్కి పెట్టాం.